‘అవాంఛనీయ’ అంటే ఏంటి సార్?

తాళాలక్క అసలు పేరు బడిలో ఎవరికీ గుర్తులేదు. హాజరు పట్టీలో ఎక్కడో ఉండే ఉంటుంది గానీ, పెద్దమేడమ్ దగ్గర్నుంచి ఒకటో తరగతి పిల్లల దాకా అందరికీ ఆమె తాళాలక్కే. నడుముకి ఇనప కడియం, దానికి ముప్పై ఒక్క తాళంచెవులు. వరండా ఆ చివర ఆమె అడుగు వినిపిస్తే ఈ చివర పిల్లలు బల్లల మీంచి దిగి బుద్ధిమంతుల్లా కూర్చునేవాళ్ళు. పొద్దున్నే గేటు తియ్యడం, గదులు ఊడ్చి తుడవడం, గంట కొట్టడం, సాయంత్రం అన్నీ మూసి తాళాలు వెయ్యడం. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని. ఏ తలుపు వానలకి ఉబ్బి బిగుసుకుంటుందో, ఏ కిటికీ గడియ వేలు కొరుకుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

చెప్పలేనిది ఒక్కటే, ఆ తలుపుల మీద ఏం రాసుందో. రెండో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడు. వాణ్ణి ఎత్తుకోడానికి ఆమెని బడి మాన్పించారు. ఆ తమ్ముడు పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు అదే బడి గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఎవరైనా కాగితం చేతికిస్తే తాళాలక్క, "అయ్యో, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను" అనేది. తర్వాత గేటు దగ్గరికి వెళ్ళి తమ్ముడి చేత చదివించుకునేది. ఇరవై ఏడేళ్ళుగా మర్చిపోతున్న ఆ కళ్ళజోడు ఆమె అసలు కొననే లేదు.

ఆ ఊళ్ళోకి బయటివాళ్ళు వచ్చి నాలుగేళ్ళవుతోంది. ఊరవతల గాజుసీసాల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు కొలిమి ముందు నిలబడే పనికి ఇక్కడివాళ్ళెవరూ ముందుకి రాలేదు. సరిహద్దు దాటి వాళ్ళొచ్చారు. ముందు మగవాళ్ళు, వాళ్ళ వెనకాలే ఆడవాళ్ళు, పిల్లలు. మొదట్లో తాళాలక్క వాళ్ళని పట్టించుకోలేదు. మరదలి పని పోయాక పట్టించుకుంది. తమ్ముడి భార్య పదకొండేళ్ళు స్టేషను దగ్గరి హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసింది. ఒకరోజు వెళ్ళేసరికి ఆమె బల్ల దగ్గర ఇంకెవరో నిలబడి ఉన్నారు. మేనేజరు "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. అంతే. ఆ రోజు మొదలు, బయటివాళ్ళ మాటొస్తే చాలు, అక్కా తమ్ముడూ మరదలూ ముగ్గురూ కలిసి దుమ్మెత్తి పోసేవాళ్ళు. ఆ ఇంట్లో ముగ్గురికీ పొత్తు కుదిరిన విషయం అదొక్కటే.

అలాంటి రోజుల్లో ఏదో యూనివర్సిటీ నుంచి ఒక అమ్మాయి ఫారాలు పట్టుకుని బడికి వచ్చింది. ఎవరెంత చదువుకున్నారో, వాళ్ళు బయటివాళ్ళ గురించి ఏమనుకుంటున్నారో రాసుకుని రెండిటికీ లంకె ఏమిటో చూస్తారట.

"ఎంతవరకు చదువుకున్నారమ్మా?" అని అడిగింది తాళాలక్కని.

"రెండు."

"డిగ్రీ రెండో సంవత్సరమా?"

"రెండో క్లాసు."

అమ్మాయి టిక్కు పెట్టుకుంది. "బయటివాళ్ళు మన ఊరికి రావడం ఎలాంటిది? చాలా మంచిది, మంచిది, చెప్పలేను, చెడ్డది, చాలా చెడ్డది... ఇందులో ఒకటి చెప్పండి."

"చాలా చెడ్డది కింద ఇంకేమైనా ఉందా?"

"లేదమ్మా."

"అయితే అదే వేసుకో."

ఆ తర్వాత అమ్మాయి ఆఫీసు గదిలో ప్రొఫెసరుగారిని కూర్చోబెట్టి అడిగింది. ఆయన పేరెంట్స్ కమిటీ ఛైర్మన్. పెద్ద కాలేజీలో చరిత్ర చెబుతాడు. మనవరాలు ఈ బడిలోనే నాలుగో తరగతి. తాళాలక్క టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి ఆయన చెబుతున్నాడు. "మనిషి చరిత్రంతా వలసే కదమ్మా! ఎవరు ఎప్పుడు ఎక్కడికి వచ్చారన్నది కాలం తేడా మాత్రమే. చాలా మంచిది అని రాసుకో. దాని పక్కన నా మాటగా రాయడానికి చోటుంటే ఇది కూడా రాయి."

ఆ మాట తీరుకి తాళాలక్క మురిసిపోయింది. చదువంటే ఇదీ అనుకుంది. తను చెప్పిన జవాబు గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది కూడా.

*

ఆ వేసవిలో పైనుంచి ఒక ఆర్డరొచ్చింది. పర్మనెంట్ కాని ఆయాలూ వాచ్‌మన్‌లూ ఏడాదిలోగా అయిదో తరగతి పరీక్ష పాసవ్వాలి, లేకపోతే పని ఉండదు. తమ్ముడికి దిగులు లేదు, పదో తరగతి కాగితం ఉంది. తాళాలక్కకి మాత్రం కాళ్ళ కింద నేల కదిలింది. ఆ కాగితాన్ని కూడా ఆమె "కళ్ళజోడు మర్చిపోయా" అనే తీసుకుంది.

సైన్సు టీచరు అది చూసింది. ముప్పై ఏళ్ళు నిండని పిల్ల, గట్టిగా మాట్లాడదు గానీ పట్టిన పట్టు విడవదు. వరండాలో తాళాలక్కని ఆపి, "అక్కా, నీకు కళ్ళు బాగానే ఉన్నాయి. మొన్న దోమ ఎక్కడ వాలిందో పది గజాల్నుంచి చెప్పావు. సాయంత్రం అయిదింటికి పద్నాలుగో గదికి రా" అంది.

"అది బయటివాళ్ళ క్లాసు కదమ్మా."

"చదువు రానివాళ్ళ క్లాసు."

ఆ మాటకి తాళాలక్క రెండు రోజులు అలిగింది. మూడో రోజు వెళ్ళింది. ఇరవై ఏడేళ్ళుగా తుడుస్తున్న గదిలో మొదటిసారి బల్ల మీద కూర్చుంది. ఫ్యాక్టరీ మగవాళ్ళు ముందు బల్లలు ఆక్రమించేశారు. ఖాళీ ఉన్నది ఆఖరి బల్లలో, అదీ సగమే. రెండో సగంలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. తాళాలక్క వయసే ఉంటుంది, మోచేతి దాకా కాలిన మచ్చలు. తాళాలక్క నడుము నుంచి తాళంచెవుల కడియం తీసి బల్ల మధ్యలో ఠప్పున పెట్టింది. ఇది దాటి రాకు అని అర్థం.

ఆ మనిషి కడియం వంక చూసింది, తాళాలక్క వంక చూసింది. "ఎక్కువ తాళం. ఎక్కువ దొంగ ఉన్నాడా?" అంది.

ముందు బల్లల వాళ్ళు కిసుక్కున నవ్వారు. తాళాలక్కకి ఒళ్ళు మండింది.

తర్వాత తెలిసింది, ఆ మనిషి ఇస్త్రీ పని చేస్తుందనీ, అందుకే క్లాసులో అందరూ ఆమెని 'ఇస్త్రీ' అంటారనీ. ఆమె పలక కూడా పట్టుకుని ఎరగదు, వాళ్ళ దేశంలో కూడా. మన భాషలో ఎవరిని ఎలా అనాలో తెలియక అందరినీ మగవాళ్ళని చేసేసేది. "టీచరు వచ్చాడు. పెద్దమేడమ్ కోపం చేశాడు." తాళాలక్క దిద్దేది, అది కూడా విసుగ్గా. "వచ్చింది అనాలి. వచ్చింది."

"కుక్క వచ్చింది అంటారు కదా?"

"అంటారు."

"అప్పుడు టీచరు కూడా కుక్క కూడా ఒకటేనా?"

ఆ సంగతి అప్పటిదాకా తాళాలక్కకి తట్టనే లేదు. టీచరు మాత్రం బోర్డు వైపు తిరిగి చాలాసేపు భుజాలు కదిలేలా నవ్వింది.

అలా మొదలైన పంతం చదువులోకి పాకింది. ఇస్త్రీ గుణింతాలు అయ్యాయంటే తాళాలక్క ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఒత్తులు మొదలుపెట్టేది. తాళాలక్క 'పుస్తకం' రాసిందంటే ఇస్త్రీ మర్నాడు 'ఇస్త్రీ' అని రాసి బల్ల మీద తోసేది, "నీది ఒక ఒత్తు. నాది ఒక దాంట్లో రెండు" అంటూ. ఇద్దరూ ఒకరి పలక ఒకరు దొంగచాటుగా చూసుకుంటుంటే తాళంచెవుల కడియం అడ్డొచ్చేది. నెల తిరిగేసరికి అది బల్ల కింద కాళ్ళ దగ్గరికి చేరింది. ఎప్పుడు దించిందో తాళాలక్కకే తెలియదు.

ఒక సాయంత్రం టీచరు రావడం ఆలస్యమైంది. మాటల్లో ఇస్త్రీ పని చేసేది స్టేషను దగ్గరి హోటల్లోనని బయటపడింది. తాళాలక్క చేతిలో బలపం విరిగింది.

"కిటికీ పక్కన బల్లేనా నీది?"

"అవును. కాలు పొట్టిగా ఉంది, అట్టముక్క పెట్టాను."

ఆ అట్టముక్క పెట్టింది తన మరదలు. పదకొండేళ్ళు పెట్టింది. తాళాలక్క ఆ మాటే అనేసింది. నా మరదలి కూడు లాక్కున్నది నువ్వేనన్నమాట, అంది.

ఇస్త్రీ దొరికిన మాటలన్నీ ఏరుకుని చెప్పింది. "నాకు మేనేజరు చెప్పాడు, బల్ల ఖాళీ. ముందు మనిషి ఎవరు, చెప్పలేదు. నేను అడగలేదు. అడగాలి, తప్పు. కానీ నాకు ఇచ్చేది ఆమెకి ఇచ్చిన దాంట్లో సగం. నేను ఎక్కువ అడిగితే ఇంకొక మనిషిని తెస్తాడు. నీ మరదలు నన్ను తిడుతున్నాడు. నేను ఆ ఇంకొక మనిషిని ఇప్పటినుంచే తిడుతున్నాను. ఇంకా పుట్టలేదు, అయినా తిడుతున్నాను."

తాళాలక్క "తిడుతోంది" అని దిద్దబోయి ఊరుకుంది. ఆ రోజు ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు. కానీ మర్నాడు తాళాలక్క అదే బల్ల మీద, అదే చోట కూర్చుంది. ఇంట్లో మరదలికి మాత్రం చెప్పలేకపోయింది.

*

గొడవ రేగింది పిల్లల వల్ల. సాయంత్రం క్లాసుకి వచ్చేవాళ్ళు మన భాష రాయడం నేర్చుకున్నాక చేసిన మొదటి పని, తమ పిల్లల్ని పగటి బడిలో చేర్చుకోమని దరఖాస్తులు రాయడం. మొత్తం పద్నాలుగు మంది పిల్లలు. దరఖాస్తులు ఆఫీసు బల్ల మీదకి చేరిన వారం లోపలే కమిటీ మూడుసార్లు కూర్చుంది.

ఆ శుక్రవారం పెద్దమేడమ్ తాళాలక్కని గదిలోకి పిలిచింది. ఎప్పుడూ లేనిది, కూర్చోమంది.

"నీకు పని భారం ఎక్కువైపోతోంది. పొద్దున్నుంచి చేసి చేసి, మళ్ళీ సాయంత్రం క్లాసు తర్వాత కూడా గది తుడవాలి. నీ తరఫున ఛైర్మన్‌గారే స్వయంగా ఒక ఉత్తరం రాశారు. కింద సంతకం పెట్టు చాలు. మీ తమ్ముడు పెట్టేశాడు."

తాళాలక్క చెయ్యి అలవాటుగా కళ్ళ దగ్గరికి వెళ్ళింది. కళ్ళజోడు మాట నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఇంటికి తీసుకెళ్ళి పెడతాను మేడమ్" అంది.

"ఇక్కడే పెట్టొచ్చుగా?"

"సంతకం కొత్తగా నేర్చుకున్నాను. ఎవరైనా చూస్తుంటే చెయ్యి వంకర్లు పోతుంది. రేపు మీటింగుకి తెస్తాను."

ఇంటికి వచ్చి వంటగట్టు మీద కాగితం పరుచుకుని కూర్చుంది. అక్షరం మీద వేలు పెట్టి, ఒత్తు దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదలుపెట్టి చదివింది. పొయ్యి మీద పప్పు మాడింది. ఆ కాగితంలో పని భారం అన్న మాట ఎక్కడా లేదు, సాయంత్రం క్లాసు మూసెయ్యాలనీ ఆ పిల్లల్ని చేర్చుకోకూడదనీ ఉంది. అర్థమైన మాటలు ఆమె ఒంటికి కారం రాసినట్టున్నాయి. అర్థం కాని మాటలు అంతకన్నా భయపెట్టాయి.

డ్యూటీ దిగి తమ్ముడు వచ్చాడు. "ఇందులో ఏముందో నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"చదివే పెట్టావా?"

"చదివే పెట్టా."

"వాళ్ళని చూసి రోజూ భయపడి చస్తున్నామని రాసుంది. నువ్వెప్పుడు భయపడ్డావురా? గేటు దగ్గర వాళ్ళ పిల్లలతో గోళీలాడుతూ కూర్చుంటావు కదరా!"

తమ్ముడు చొక్కా విప్పి మేకుకి తగిలిస్తూ, ఇటు తిరక్కుండానే అన్నాడు. "నీకు చదవడం వచ్చి మూడు నెలలైంది అక్కా. నాకు వచ్చి ముప్పై ఏళ్ళైంది. ఏది చదవాలో, ఏది చదివి చదవనట్టుండాలో నాకు తెలుసు. ఉద్యోగం ముఖ్యం."

"నన్ను బడి మాన్పించింది, నువ్వు ఈ చదువు చదవడానికేనా?"

ఆ మాట అన్నాక అనకుండా ఉండాల్సిందనిపించింది, కానీ వెనక్కి తీసుకోలేదు. మరదలు మధ్యలో కలగజేసుకుంది. "ఎలాగూ పోవాల్సినవాళ్ళేగా వదినా. పెట్టెయ్, పీడా పోతుంది."

తాళాలక్క ఇంక దాచలేదు. తన పక్కన కూర్చునేది ఎవరో చెప్పేసింది. మరదలి ముఖం ఎర్రబడిపోయింది. "నా పొట్ట కొట్టినదాని పక్కన కూర్చుని అ ఆలు దిద్దుతున్నావా? మూడు నెలల్నుంచి నా చేతి అన్నం తింటూ?"

"నీ పొట్ట కొట్టింది మేనేజరే. దాని పొట్ట సగం కొట్టిందీ వాడే. వాణ్ణి ఒక్క మాట అనడానికి మన ముగ్గురికీ నోరు రాలేదు. ఇదైతే ఎదురు తిట్టలేదుగా, భాష రాదు."

మరదలు అన్నం గిన్నె దఢీమని పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఎవరూ తినలేదు.

*

శనివారం మధ్యాహ్నం మీటింగు. హాల్లో నూట పన్నెండు కుర్చీలు వేసింది తాళాలక్కే. నీళ్ళ గ్లాసులు పెట్టింది, మైకు వైరు కాళ్ళకి తగలకుండా గోడవారగా జరిపింది. తల్లిదండ్రులు నిండుగా వచ్చారు. సాయంత్రం క్లాసు వాళ్ళని లోపలికి రానివ్వలేదు, మీరు సభ్యులు కారన్నారు. కిటికీల అవతల వరండాలో నిలబడ్డారు. ఇస్త్రీ అందరికన్నా ముందు, ఊచలు పట్టుకుని నిలబడింది.

ప్రొఫెసరుగారు లేచాడు. గొంతు ఎప్పటిలాగే పట్టులా ఉంది. "వ్యక్తిగతంగా నేను ఎవరికీ వ్యతిరేకం కాదు. వలసని గౌరవించేవాణ్ణి. కానీ ప్రమాణాలు అనేవి ఉంటాయి. పిల్లల భద్రత ఉంటుంది. ఇది నా అభిప్రాయమే అయితే మీ ముందు పెట్టేవాణ్ణి కాదు. మన బడినే నమ్ముకున్న పేద సిబ్బంది మొర ఇది. ఇరవై ఏడేళ్ళుగా ఈ గదులు తుడుస్తున్న మన ఆయమ్మే ఫిర్యాదు రాసి ఇచ్చింది." పెద్దమేడమ్ వైపు చూసి చెయ్యి చాచాడు. పెద్దమేడమ్ తాళాలక్క వైపు చూసింది.

తాళాలక్క గోడ దగ్గర్నుంచి ముందుకి వచ్చింది. నడుము దగ్గర తాళాలు గలగలమన్నాయి. రవికెలోంచి కాగితం తీసింది.

"ఉత్తరం నా దగ్గరే ఉంది సార్. నేనే చదువుతాను."

"అవసరం లేదమ్మా, ఇలా ఇవ్వు."

"నా పేరుతో ఉంది కద సార్. నేను చదవకపోతే ఎలా?"

కుర్చీల్లో కదలిక. మైకు ఎలా పట్టుకోవాలో తెలియక, పక్కన పెట్టేసి, పిల్లల్ని అదిలించే గొంతుతోనే మొదలుపెట్టింది. "గౌ...ర...వ...నీ...యు...లైన... ప్ర...ధానో... పా...ధ్యా..."

ఎవరో నవ్వారు. ఆమె ఆగి, నవ్విన వైపు చూసింది. "నవ్వండి బాబూ, పర్వాలేదు. నాకు టైముంది. హాలు తాళం నా దగ్గరే ఉంది."

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది, కానీ అది వేరే నవ్వు. ఆమె వేలు రెండో వరుస మీదకి వచ్చింది. "సాయం...కాలపు తర...గతులకు హాజ...రగు...చున్న అ...వాం...ఛ...నీయ వ్య...క్తుల..." తలెత్తింది. "అవాంఛనీయ అంటే ఏంటి సార్?"

ప్రొఫెసరుగారు గొంతు సవరించుకున్నాడు. "అంటే... కోరుకోనటువంటి."

"అంటే అక్కర్లేనివాళ్ళు."

"ఒక రకంగా."

"ఎవరికి అక్కర్లేనివాళ్ళు సార్? రాసింది నా పేరుతో. నాకు అక్కర్లేదని నేను మీకెప్పుడు చెప్పాను?"

ఆయన ఏదో అనబోయేలోగా మళ్ళీ కాగితంలోకి దిగిపోయింది. "అ...పరి...శుభ్ర...మైన అల...వాట్ల వలన తరగతి గదులు క...లుషిత...మగుచున్నవి. కలుషితం అంటే మురికే కద సార్? ఇది నాకు తెలిసిన సబ్జెక్టు." కాగితం దించి హాలంతా కలయజూసింది. "పద్నాలుగో గది రోజుకి రెండుసార్లు తుడుస్తాను. పగటి బడి అయ్యాక బల్లల కింద చూయింగ్ గమ్ గోకడానికి నాకో చాకు ఉంది, కావాలంటే చూపిస్తాను. సాయంత్రం క్లాసు అయ్యాక నాకు చీపురే అక్కర్లేదు. వాళ్ళే ఊడ్చి పోతారు. ఇస్త్రీ అయితే కిటికీ తలుపులు కూడా తుడుస్తుంది, నాకు పని చేతకాదని చూపించడానికి. దానికీ నాకూ అక్కడే గొడవ."

కిటికీలోంచి ఇస్త్రీ గొంతు గట్టిగా వచ్చింది. "నిజం! దుమ్ము ఉంది!"

హాలు గొల్లుమంది. ప్రొఫెసరుగారి ముఖం మాత్రం కందిపోయింది. "ఆయమ్మా, చాలు. నిన్ను ఎవరో రెచ్చగొట్టారు. చదువూ సంధ్యా లేని మనిషిని ముందు పెట్టి..."

"ఇంకో రెండు వరుసలున్నాయి సార్." చదివింది. నిరంతరం భయాందోళనలకి గురవుతున్నామన్న చోట నాలుగుసార్లు తడబడింది. నాలుగోసారి సరిగ్గా పలికాక, కాగితం మడిచింది.

"నిజం చెబుతాను. వాళ్ళు వచ్చినప్పుడు నాకు గిట్టలేదు. ఆ ఫారం అమ్మాయి అడిగితే చాలా చెడ్డది అన్నాను. అబద్ధమాడలేదు, అప్పుడు నా కడుపులో ఉన్నది అదే. మీరు చాలా మంచిది అన్నారు, టీ ఇస్తూ విన్నాను. మీ మాట ఎంత బాగుందో, నా మాటకి నేను సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడట్లేదు. నేను తిట్టినా నా నోటితో తిట్టాను సార్. మీరు తిట్టాలనుకుని నా నోరు అరువడిగారు. నేనివ్వను. ఈ కాగితం మీద నా సంతకం పడదు."

సైన్సు టీచరు లేచి నిలబడింది. "ఈ క్లాసు నేను నడుపుతున్నాను. ఫిర్యాదుంటే నా మీద రాయండి, నా పేరు పెట్టి, మీ పేరు పెట్టి" అంది. వెనక వరుసలో ఒక లారీ డ్రైవరు కూడా లేచాడు, ఆ పద్నాలుగు మంది పిల్లల్ని చేర్చుకోవాలంటూ. ఆ పక్కనే ఇంకో తండ్రి, అతనూ డ్రైవరే, ఒప్పుకోనని అరిచాడు. వాళ్ళిద్దరూ అక్కడే వాదులాటకి దిగారు.

చేతులెత్తించి లెక్కపెట్టారు. సాయంత్రం క్లాసు రద్దు చెయ్యాలన్నవాళ్ళు యాభై ఎనిమిది, వద్దన్నవాళ్ళు నలభై ఒకటి. తాళాలక్క ఓడిపోయింది. కుర్చీలన్నీ మళ్ళీ తనే మడతపెట్టింది.

*

సోమవారం సాయంత్రం పద్నాలుగో గదికి తాళం వెయ్యమని పెద్దమేడమ్ చెప్పింది. తాళాలక్క వేసింది. గేటుకి కూడా వేసింది. అప్పుడు గేటు బయట మెట్ల మీద, రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చుని పలక తీసింది. అయిదింటికి ఇస్త్రీ వచ్చి పక్కన కూర్చుంది. ఫ్యాక్టరీవాళ్ళు వచ్చారు. టీచరు గోడకి బోర్డు ఆనించింది. మెట్లు మునిసిపాలిటీవి, బడివి కావు. ఆ సంగతి టీచరు ముందే కనుక్కుని వచ్చింది.

బడి వదిలాక గేటు బయట ఎదురుచూసే పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చే కార్లన్నీ వాళ్ళ ముందు నుంచే వెళ్ళాలి. అద్దాలు దించి చూసేవాళ్ళు చూశారు, పైకెత్తుకునేవాళ్ళు ఎత్తుకున్నారు. కారెవరిదైనా సరే, దగ్గరికి రాగానే ఇస్త్రీ గొంతు పెంచి చదివేది. మూడో రోజు ఒక తల్లి కూతుర్ని ఎక్కించుకోవడం మాని మెట్ల పక్కన నిలబడి చివరిదాకా విన్నది. ఆరో రోజు వాన. గొడుగుల కింద ఎక్కాలు చెప్పుకున్నారు. తమ్ముడు వాచ్‌మన్ గదిలో కూర్చుని అటు చూడనట్టుండేవాడు. తొమ్మిదో రోజు లోపలి బల్బు వైరు లాగి, మెట్ల మీద వెలుతురు పడేలా గేటు స్తంభానికి కట్టాడు. ఎవరైనా అడిగితే పాముల కోసం అన్నాడు.

తాళాలక్కకి మెమో వచ్చింది. సభలో క్రమశిక్షణ ఉల్లంఘించినందుకు వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. జీవితంలో ఆమె పేరు మీద వచ్చి, ఆమె చేతితో విప్పుకుని, ఆమే చదువుకున్న మొదటి ఉత్తరం అది. మెట్ల మీద అందరికీ చదివి వినిపించింది, 'ఉల్లంఘన' దగ్గర ఒక్కసారి కూడా ఆగకుండా. ఆ తర్వాత జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. టీచరు దిద్దుతానంటే ఒప్పుకోలేదు. "తప్పులున్నా నావే ఉండాలి" అంది. పెద్దమేడమ్‌కి ఒకటి, విద్యాశాఖ పెద్దాఫీసుకి ఒకటి, తను సంతకం పెట్టని ఆ ఫిర్యాదుతో సహా పంపింది. "నేను భయపడడం లేదు. బయపడమని నాకు రాసి ఇచ్చారు" అని ఉంది అందులో. రెండో చోట ఒత్తు మర్చిపోయింది.

రెండు నెలలకి పెద్దాఫీసు నుంచి మనిషి వచ్చాడు. అడిగాడు, రాసుకున్నాడు, వెళ్ళాడు. పద్నాలుగు మందిలో పదకొండు మంది పిల్లలకి బడిలో చోటిచ్చారు. మిగిలిన ముగ్గురికీ కాగితాలు చాలవన్నారు. ఆ ముగ్గురి కోసం టీచరు ఇంకా తిరుగుతూనే ఉంది. సాయంత్రం క్లాసుకి మళ్ళీ గది ఇచ్చారు, పద్నాలుగోది కాదు, స్టోరు పక్కన కిటికీ ఒక్కటే ఉన్నది. తాళాలక్క పరీక్షలో చదవడం, రాయడం పాసైంది, లెక్కల్లో తప్పింది. మళ్ళీ రాయడానికి ఆర్నెల్లు గడువిచ్చారు. మరదలు ఆమెతో మాట్లాడుతోంది గానీ, ఇస్త్రీ పేరెత్తితే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతుంది.

ప్రొఫెసరుగారు ఇంకా ఛైర్మనే. ఒక సాయంత్రం వరండాలో ఎదురుపడి ఆగాడు. "నువ్వు నన్ను అపార్థం చేసుకున్నావమ్మా. నేను వ్యక్తిగతంగా..." అని మొదలుపెట్టాడు.

"ఆ మాట మీరు మీటింగులో కూడా చెప్పారు సార్" అంది తాళాలక్క. "నాకు డిక్టేషన్ ఉంది, టైమైపోయింది."

ఆయన పక్కకి తప్పుకున్నాడు. స్టోరు పక్క గదిలో టీచరు అప్పటికే మొదలుపెట్టేసింది. రెండు మాటలు పోయాయి. తాళాలక్క ఇస్త్రీ పలకలోకి తొంగిచూసింది, ఇస్త్రీ మోచెయ్యి అడ్డం పెట్టింది. ఆ రోజు తాళాలక్కకి నాలుగు తప్పులు, ఇస్త్రీకి మూడు.